లూదింగ్ కట్టిన అట్టపెట్టెలు

ఇవాళ పొద్దున దోహా ఎయిర్‌పోర్టులో ఒక తప్పు చేశాను. దాని గుర్తుగా నా కారు ముందు సీట్లో ఒక చిన్న మూట ఉంది. పాత లుంగీ గుడ్డలో చుట్టి, పురికొసతో గట్టిగా కట్టిన మూట. గుడ్డలోంచి నీలగిరి తైలం వాసన, దాంతోపాటు కొత్త అట్ట వాసన, గోధుమరంగు టేపు జిగురు వాసన కారంతా నిండి, అద్దాలు దించినా పోవడం లేదు.

మా సైటు ఆఫీసులో పనిచేసే రాజన్న రెండేళ్ళ తర్వాత జగిత్యాల దగ్గరున్న తన ఊరికి బయల్దేరితే, నేనే దింపుతానన్నాను. కౌంటర్ దగ్గర అతని అట్టపెట్టె బరువు ఎక్కువ వచ్చింది. చేతిసంచి అప్పటికే నిండిపోయి ఉంది. రాజన్న ఓ పక్కకు జరిగి, టేపు చింపి, భార్యకు కొన్న కొత్త కంబళిని బయటికి తీయబోయాడు. అదనపు బరువుకు డబ్బు కట్టొచ్చు. కానీ ఆ డబ్బు కట్టే కౌంటర్ దగ్గర పెద్ద వరుస ఉంది, నాకు మీటింగుకు ఆలస్యమవుతోంది. నేనే వంగి కంబళిని లోపలికి తోసి, అడుగు నుంచి ఈ మూటను లాగాను.

"గది నాది కాదు సార్. మా రూముల లింగంది. ఆల్ల అవ్వకు పంపుతుండు," అన్నాడు రాజన్న. అవ్వంటే వాళ్ళ వైపు అమ్మ.

"నీది కానప్పుడు ఇంకేం? ఇదే తీసెయ్. వచ్చేసారి పంపుకుంటాడు."

"ఆమె రేపు పొద్దుగాలనే వచ్చి మా గడపల కూసుంటది సార్. నేనేం చెప్పాలె?"

"నేను తీసేశానని చెప్పు."

రాజన్న పెట్టెకు మళ్ళీ టేపు అంటించాడు. లోపలికి వెళ్ళే దాకా నా చేతిలోని మూట వంకే చూస్తూ వెళ్ళాడు.

మధ్యాహ్నం భోజనానికని కారు దగ్గరికి వచ్చినప్పుడు ఆ మూట కనబడింది. ఇంకొకరి పెట్టెలో ఏది ఉండాలో, ఏది తీసెయ్యాలో తేల్చేసిన నేను, పెట్టె సర్దే పాఠం తెలియనివాణ్ణి కాను. చిన్నప్పుడు, ఇదే ఊళ్ళో, నేలమీద కూర్చుని నేర్చుకున్నాను.

నూనె ధరలు ఎగబాకిన డెబ్భైల చివరి ఏళ్ళవి. నాన్న కాకినాడ నుంచి వచ్చి ఒక ఆయిల్ కంపెనీలో ఇంజనీరుగా చేరాడు. ఫరీజ్ అబ్దుల్ అజీజ్‌ అనే పేటలో ఒక రెండంతస్తుల ఇంట్లో పై వాటా మాది. పగలంతా ఎక్కడో ఒకచోట పునాదులు దిగ్గొట్టే చప్పుడు, తడి సిమెంటు వాసన, దుకాణం దుకాణానికీ పోటీగా మోగే టేప్‌రికార్డర్లు, షమాల్ గాలి లేచిందంటే తలుపు సందుల్లోంచి వచ్చి కంచాల్లోనూ పక్కల మీదా పల్చగా పరుచుకునే గోధుమపిండిలాంటి ఇసుక. వేసవిలో మేడమీద ట్యాంకులో నీళ్ళు సలసల కాగుతుంటే, అమ్మ గీజరు స్విచ్చి ఆపేసి, అందులో నిలవున్న నీళ్ళను చన్నీళ్ళుగా వాడేది. వేడినీళ్ళ కుళాయి తిప్పితే చల్లటి నీళ్ళు రావడం మా కళ్ళకు ఈ ఊరి ఇంద్రజాలంలా ఉండేది.

కింది వాటాలో లూదింగ్ ఉండేది. ఫిలిప్పీన్స్‌లో సెబూ అనే దీవి ఆమెది. భర్త సముద్రంలో నూనె బావుల మీద పనిచేస్తూ ఎప్పుడో గాని ఇంటికి వచ్చేవాడు కాదు, కూతురు సెబూలో అమ్మమ్మ దగ్గర పెరుగుతోంది. తెల్లవారకముందే ఒక ఆసుపత్రి చాకిరేవుకు డ్యూటీకి వెళ్ళి, మధ్యాహ్నానికల్లా ఇస్త్రీ ఆవిరి వాసనతో తిరిగి వచ్చేది. అమ్మ ఒక స్కూలు ఆఫీసులో పనిచేసేది కాబట్టి, బడి విడిచాక నేనూ చెల్లీ అమ్మ వచ్చేదాకా లూదింగ్ గదిలోనే. నన్ను 'దోంగ్' అని పిలిచేది. వాళ్ళ భాషలో మగపిల్లల్ని ముద్దుగా అలా అంటారట. పిల్లాణ్ణి పట్టుకుని దొంగ అంటుందేమిటని అమ్మ కొన్నాళ్ళు నొచ్చుకుంది.

ఆ గదిలో గోడనిండా మేకులు, మేకుమేకుకీ ఒక తాడు చుట్ట. పురికొస, నైలాను, పాత దుప్పట్ల అంచులు, బియ్యం బస్తాల మూతి దారాలు. ఏ తాడునూ కత్తిరించేది కాదు. ఎంత మొండి ముడినైనా గోళ్ళతో, పళ్ళతో, చివరికి ఫోర్కు ముల్లుతో సడలించి విప్పేది. విప్పడాన్ని హుబాద్ అంటారు, మాకు మొట్టమొదట వచ్చిన మాట అదే. కట్టడానికి మాత్రం ఆమె దగ్గర లెక్కలేనన్ని మాటలుండేవి. తాడుతో కడితే హిగొట్. విడివిడిగా ఉన్నవాటిని కలిపి కట్టకడితే బుగ్కొస్. చుట్టూ తిప్పితే లికొస్. ముడి బలిఘొట్. బిగుతుగా ఉంటే హుగొట్, వదులైతే లువాగ్. ఇంగ్లీషులో ఏమంటారని అడిగితే, దేనికైనా "టై" అనే చెప్పేది. పైకెళ్ళి చెబితే నాన్న పేపరు దించకుండానే దిద్దేవాడు, అది బండిల్, ఇది నాట్, అది లాషింగ్ అని. అమ్మ నవ్వేది.

"మనకీ అంతే కదండీ, ఇల్లు కట్టినా, చీర కట్టినా, పందెం కట్టినా అన్నీ కట్టడమే," అనేది.

ఒక వినాయక చవితికి పాలవెల్లి లేకుండా పూజేమిటని అమ్మ పట్టుబట్టింది. నాన్న సైటు నుంచి చెక్కపెట్టెల బద్దలు తెచ్చి మేకులు కొట్టబోతే అవి నిలువునా చీలిపోయాయి. లూదింగ్ వచ్చి, మిగిలిన బద్దల్ని నేలమీద అడ్డంగా నిలువుగా పరిచి, ఒక్కో కూడలి దగ్గర పురికొసను ఇటొకసారి అటొకసారి చుట్టి, కాలితో అదిమిపట్టి బిగించి, మేం మధ్యాహ్నం నిద్ర లేచేసరికి పాలవెల్లి సిద్ధం చేసింది. దానికి వెలక్కాయలు లేవు, మామిడాకులు లేవు. నిమ్మకాయలు, దానిమ్మలు, మొక్కజొన్న పొత్తులు, సూక్ బజారు నుంచి తెచ్చిన పసుపుపచ్చ ఖర్జూరపు గెల, రోడ్డు పక్కన కోసిన గన్నేరుపూల దండలు వేలాడదీశాం. ఆ సాయంత్రం ఆమె మా ఇంట్లో ఉండ్రాళ్ళు తిని, మర్నాడు బదులుగా తన ఊరి వంట తెచ్చింది. ఆకుతో బుట్టలా అల్లి, లోపల బియ్యం పోసి ఉడికించినవి. కొబ్బరాకు దొరక్క ఖర్జూరపు ఆకుతో తంటాలు పడిందట. వాటిని పది పన్నెండు కలిపి గెలలా కట్టి తెచ్చింది. మన పనసాకు పొట్టిక్కలకు ఇవి మేనత్త కూతుళ్ళని అమ్మ తీర్మానించింది.

ఆమెకు కోపం రావడం ఒక్కసారే చూశాను. దొంగా పోలీసు ఆటలో నేను చెల్లెలి చేతులు వెనక్కి విరిచి నైలాను తాడుతో కట్టేశాను. లూదింగ్ పరుగున వచ్చి విప్పి, దాని మణికట్లు తన గౌనుతో తుడిచి, నా వైపు తిరిగింది. అది గాపొస్ అంది. పందిని సంతకు తీసుకెళ్ళేటప్పుడు కట్టేది. తోటిపిల్ల మీద ఆ మాట వాడకూడదు, ఆ పని చెయ్యకూడదు.

కానీ ఆ ఇంటికి పేరు తెచ్చినవి గురువారం సాయంత్రాలు. మర్నాడు శుక్రవారం సెలవు. లీవు మీద దేశం పోయేవాళ్ళు, మలయాళీలు, తెలుగువాళ్ళు, పాకిస్తానీలు, అట్టపెట్టెలు భుజాన వేసుకుని లూదింగ్ గుమ్మం ముందు చేరేవారు. జపాను చీరలు, పౌడరు డబ్బాలు, టార్చిలైట్లు, సబ్బులు, బ్లేళ్ళు, పులుల బొమ్మల కంబళ్ళు. పెట్టె మూత తెరిస్తే వచ్చే ఆ సెంటు వాసనే మాకు దేశం వాసన. ఊరికెళ్ళే మనిషి పెట్టె అతనొక్కడిదే కాదు, గదిలో ఉన్న అందరి చిన్నచిన్న మూటలూ అందులోకే వస్తాయి. లూదింగ్ వాటినే ముందు అడిగి తీసుకుని, అడుగున సర్దించి, ఆ పైన అతని సామాను పెట్టించేది. అప్పుడు తాడు తిప్పడం మొదలు. నా పని ముడి మీద వేలు అదిమి పట్టుకోవడం. "హుగొట్ నా?" అని అడిగేది, బిగిసిందా అని. "హుగొట్ నా," అనేవాణ్ణి, నా వేలు కూడా బిగుసుకుపోతుంటే.

చివరికి ఆమె పెట్టె కట్టుకునే రోజు వచ్చింది. భర్తకూ ఆమెకూ కలిపి సెలవు దొరకక, ఒక్కతే వెళ్తోంది. పెట్టెనిండా ఆసుపత్రిలో తోటివాళ్ళు ఇచ్చిన మూటలు. అన్నిటికంటే పైన, కూతురికి కొన్న బొమ్మ. పడుకోబెడితే కళ్ళు మూసే పెద్ద బొమ్మ. నాన్న స్ప్రింగు త్రాసును తలుపు చట్రానికి తగిలించి తూచాడు, బరువు ఎక్కువైంది. లూదింగ్ క్షణం ఆలోచించకుండా బొమ్మను తీసి పక్కన పెట్టింది. ఆమె కూతురి గురించి వినీ వినీ ఆ అమ్మాయిని మా ఇంటిపిల్లనుకునే నాకు ఏడుపు వచ్చింది. ఆ చీరల మూటో, ఆ డబ్బాల మూటో తీసెయ్యొచ్చు కదా అన్నాను. ఆమె నా తల మీద చెయ్యి వేసి, నాకు అర్థమయ్యే మూడు భాషల్నీ కలిపి చెప్పింది.

"అది నాది, దోంగ్. నాది కాబట్టే ఆగుతుంది. వాళ్ళది ఆగదు."

ఆ బొమ్మను అమ్మ బీరువా పైన గుడ్డ కప్పి ఉంచింది. మళ్ళీ లూదింగ్ ఊరికి వెళ్ళేదాకా చెల్లెల్ని దాన్ని ముట్టనివ్వలేదు.

ఇవాళ సాయంత్రం మూట పక్కన పెట్టుకుని రాజన్న, లింగం ఉండే అల్ ఖోర్ కార్మికుల క్యాంపుకు బయల్దేరాను. దారి కాకపోయినా ఫరీజ్ అబ్దుల్ అజీజ్ మీదుగా వెళ్ళాను. మా ఇల్లున్న చోట హోటలు కారు పార్కింగు ఉంది. లూదింగ్ కుటుంబం తర్వాత ఎటు వెళ్ళిందో మాకు తెలియలేదు. పెట్టెలకు తాళ్ళు కట్టేవాళ్ళు కూడా ఇప్పుడు కనబడరు. టేపు వచ్చింది, ప్లాస్టిక్ చుట్టే యంత్రం వచ్చింది.

నేను చేరేసరికి షిఫ్టు బస్సు అప్పుడే వచ్చి ఉంది. లింగం గదిలో నలుగురున్నారు. నిలబడే, అందరూ వినేటట్టు చెప్పాను. రాజన్న వద్దన్నాడు, తన కంబళి తీయబోయాడు, నేనే బలవంతంగా ఈ మూట తీయించాను, తప్పు నాది అన్నాను. పై మంచం మీంచి కాళ్ళు వేలాడేసి కూర్చున్న ఒకతను అడిగాడు.

"సార్, మీ లగేజీల చెయ్యి వెట్టి ఎవలన్న ఇట్ల తీసిండ్రా ఎన్నడన్న?"

లేదన్నాను. లింగం అతన్ని కళ్ళతోనే ఆపి, ఫోను తీసి వాళ్ళమ్మకు కలిపి నా చేతికిచ్చాడు. రాజన్న ఇంకా హైదరాబాద్ నుంచి బస్సులో ఉండి ఉంటాడు. ఆమె అతని గడప ఎక్కేలోపే ఈ మాట చేరాలి.

"ఎవలు బిడ్డా?" అంది ఆమె.

నేనెవరో, ఏం చేశానో చెప్పాను. రాజన్నను ఏమీ అడగొద్దని, శుక్రవారం నేనే మూట తెచ్చి ఇస్తానని చెప్పాను.

"దుబాయ్ నుంచి గింతదానికి వస్తవా?" అంది. వాళ్ళకు గల్ఫంతా దుబాయే.

"వస్తానమ్మా."

"సరే రా. రాజన్నను నేనేమంట? ఆడు మా పిలగాడే. నువ్వు మాత్రం తిని పోవాలె."

లింగం మూట విప్పి, పంపేవి ఏమిటో నాకు చూపించాడు. తైలం సీసాలు, మోకాళ్ళ పట్టీలు, ఒక ఉన్ని శాలువా. మళ్ళీ తనే కట్టి ఇచ్చాడు. గుమ్మంలో నిలబడే మేనేజరుకు ఫోన్ చేసి సెలవు అడిగాను, హైదరాబాద్‌కు టికెట్ తీసుకున్నాను.

చెప్పులు వేసుకుంటుంటే పై మంచం అతను దిగి వచ్చాడు. చేతిలో పిల్లల బూట్ల జత ఒకటి ఉంది.

"సార్, మాది పక్కూరే. జాగ ఉంటదా?"

ఉందన్నాను.