నీటికుక్క నోట నా తువ్వాలు

సింగపూర్‌లో వేలమంది చూస్తుండగా, కట్టుకున్నదాని సీటు కోసం నీటికుక్కతో పెనుగులాడి గెలిచిన తెలుగువాణ్ణి నేనొక్కణ్ణే. బిషాన్ పార్కులో నాతోపాటు పొద్దున్నే నడిచేవాళ్లందరికీ ఈ మాట చెప్పాను. నమ్మారు కూడా.

సెలవు రోజున మనవరాలు మమ్మల్నిద్దర్నీ జంతువుల ప్రదర్శనకు తీసుకెళ్లింది. మా ఆవిడకు మోకాళ్ల నొప్పులు. ఆవిడ మెల్లగా నడిచొచ్చేలోపు మంచి సీటు పట్టాలని నా పట్టుదల. ఇక్కడివాళ్లు తిండి దుకాణాల్లో బల్లమీద టిష్యూ ప్యాకెట్ పడేసి చోటు ఆపుకుంటారు. దాన్ని ‘చోప్’ అంటారు. ఆర్టీసీ బస్సు కిటికీలోంచి తువ్వాలు విసిరి సీటు పట్టిన చేతికి ఆ విద్య ఒకరు నేర్పాలా? గబగబా మెట్లు దిగి, మొదటి వరుసలో నా పక్క కుర్చీమీద ఎర్రంచు తువ్వాలు పరిచాను.

“తాతయ్యా, అప్పుడే చోప్ చేసేశావా! సో ఫాస్ట్ లా!” అంటూ మనవరాలు నాకు రెండో పక్కన కూర్చుంది. ఆవిడ ఇంకా రాలేదు.

ఆట మొదలైంది. చెత్త కనిపిస్తే ఏరి బుట్టలో వేసే నీటికుక్క వచ్చింది. డబ్బా వేసింది. సీసా వేసింది. తర్వాత తిన్నగా మా వరుసకొచ్చి, తువ్వాలు నోట కరుచుకుని బుట్టవైపు పరుగు తీసింది. జనం ఒకటే చప్పట్లు.

“ఒసే, అది చెత్త కాదే! మా ఆవిడ సీటు!” అని అరుస్తూ కొస పట్టుకున్నాను. నేనిటు, అదటు.

“తాతయ్యా, వదిలెయ్! అందరూ వీడియో తీస్తున్నారు!”

పెనుగులాట అంటే అంతే. దాని పళ్లు చూడగానే వదిలేసింది నేనే. ఆటాడించే అమ్మాయి చిన్న చేప చూపిస్తే అది తువ్వాలు పడేసింది. వేలమందీ లేరు. మబ్బు పట్టిన రోజు, సగం కుర్చీలు ఖాళీ. అయినా తడి తువ్వాలు మళ్లీ పరిచి, చివరిదాకా ఆ సీట్లో ఒక్కరినీ కూర్చోనివ్వలేదు. అది మాత్రం అక్షరాలా నిజం.

ఇంతవరకూ రాసి మా ఆవిడకు చదివి వినిపించాను. ఆవిడ కాఫీ గ్లాసు కింద పెట్టింది.

“ఎవరు కూర్చుంటారండీ? మెట్లు దిగలేనని ఇంటి దగ్గరే చెప్పానా! పైన గుమ్మం పక్కనే కూర్చుని మీ వేషాలన్నీ చూశాను. ముందు వరుస మీకు కావాలి. మధ్యలో నా మోకాళ్ల పేరెందుకు?”