అక్క నిమ్మకాయ పెట్టిన పెడల్

మొన్న ఆదివారం మా మందుల షాపులో కూర్చుని ఉంటే అక్క కూతురు నా ఫోనుకు రెండు ఫొటోలు పంపింది. రెండూ గిటారు పెడళ్లే. కింద ఒక ప్రశ్న: "మామా, ఏది తీసుకోవాలె? జల్ది చెప్పు, షాపులనే ఉన్న." కాలేజీలో పిల్లలంతా కలిసి బ్యాండు పెట్టుకున్నారట. మా రెండిళ్లలో గిటారు పట్టినవాణ్ని నేనొక్కణ్నే కనుక ఈ సంగతులన్నీ నాకు కొట్టినపిండి అని దాని నమ్మకం. నాకేమో ఫొటోలు చూడగానే చేతులాడలేదు. జ్వరం బిళ్లల కోసం వచ్చిన పెద్దమనిషికి దగ్గు సీసా ఇచ్చేశాను, ఆయన సీసాను అటూ ఇటూ తిప్పి చూసి "నాకు దగ్గు లేదు పటేలా" అనేదాకా తెలియలేదు. ఎందుకంటే ఇలాంటి రెండు డబ్బాల మధ్యే నేనొకసారి ఇరుక్కున్నాను. నిజం చెప్పాలంటే ఇంకా బయటికి రాలేదు.

ఆ గొడవ తెలియనివాళ్లకు కాస్త చెప్పాలి. ఎలక్ట్రిక్ గిటారు తీగ మీటితే మామూలుగా శుభ్రంగా మోగుతుంది. పాట ఊపందుకున్న చోట ఆ శుభ్రం చప్పగా ఉంటుంది, కొంచెం జీర కావాలి. అందుకోసం అరచేతిలో పట్టే ఇనప డబ్బా ఒకటి ఉంటుంది, ఓవర్‌డ్రైవ్ పెడల్ అంటారు. కాలితో దాని మీట తొక్కితే చాలు, గిటారు గొంతు బొంగురుపోతుంది. మా బావకు సూర్యాపేటలో చిన్న పెళ్లి ఆర్కెస్ట్రా ఉండేది. పగలంతా మిర్యాలగూడ రైసుమిల్లులో గుమస్తా, సాయంత్రం పెళ్లిపందిట్లో పాటగాడు. నేను ఆయన వెనకాల గిటారు. ఏళ్లకేళ్లు మిల్లు ధూళి పీల్చి పీల్చి ఆయన గొంతు పాడయింది. కింది స్వరాల్లో బాగానే ఉండేది, పైకి వెళ్లగానే చీలిపోయేది. ఆర్కెస్ట్రా కూడా దాంతోనే మూతపడింది.

అలాంటి సమయంలో కోదాడలో బావ తమ్ముడి కూతురి పెళ్లి కుదిరింది. ఆ పిల్ల "పెద్దనాయిన పాడకుంటే నేను పీటల మీద కూసోను" అని భీష్మించింది. బావ కాదనలేకపోయాడు. కానీ నా దగ్గరికి వచ్చినప్పుడు ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. "చుట్టాలందరి ముందట గొంతు పలిగితే నా ఇజ్జత్ ఏంగావాలె రా? నేను పైకి పోయేకాడ నువ్వు గిటార్ లేపు. నా గొంతు దాని ఎనక దాసుకుంట" అన్నాడు. అంత గొప్పగా బతికిన పాటగాడు అలా అడుగుతుంటే సరే అనక తప్పలేదు.

నా పాత పెడల్ ఎప్పుడో మూలపడింది కాబట్టి హైదరాబాదు వెళ్లాను. షాపులో రెండు చూపించారు, ఒకటి ఆకుపచ్చ, ఒకటి తెలుపు. ఆకుపచ్చది తొక్కితే గిటారు అందరినీ తోసుకుని ముందుకొచ్చి నిలబడుతుంది, ఎదురుగా ఎవరి గొంతున్నా కప్పేస్తుంది. తెల్లది జీరనిస్తుంది గాని గొంతు జోలికి పోదు. బావ అడిగినదానికి ఆకుపచ్చదే సరి. వినడానికి మాత్రం తెల్లదే హాయి. ఫోనులో వీడియోలు చూశాను. ఒకాయన ఆకుపచ్చదాన్ని మించింది లేదంటాడు, ఇంకొకాయన దాన్ని అవతల పారెయ్యమంటాడు. కోదాడలో కీబోర్డు వాయించే మిత్రుడికి ఫోన్ చేశాను. "స్టేజీ మీదకి ఆకుపచ్చదే తీసుకోండి సార్. కాకపోతే తెల్లది బాగుంటుంది. అసలు ఆ హాల్లో ఏదైనా ఒకటేలెండి" అన్నాడు. అది సలహానో శాపమో అర్థం కాలేదు. ఒకటి వాపసు ఇస్తానని ఒప్పించి రెండూ తెచ్చుకున్నాను.

అక్కావాళ్లింట్లో వాయించి చూశాం. బావ పాట అందుకున్నాడు, పైస్వరం దగ్గర ఆకుపచ్చది తొక్కాను. వంటింట్లోంచి అక్క చిల్లిగరిటె పట్టుకుని బయటికి వచ్చింది. "మీ బావ పాడుతున్నడా, బందువెట్టిండా?" అని అడిగింది. బావ సంతోషపడ్డాడు. "సూసినవా, గదే కావాలె" అన్నాడు. అక్క మొహం ముడుచుకుని లోపలికి పోయింది. నేను మాత్రం తేల్చుకోలేకపోయాను. ఇద్దరిలో ఎవరి మొహం చూసి తేల్చాలో కూడా తెలియలేదు.

ఇంతలో దసరా వచ్చింది. మా ఇళ్లలో ఆ రోజు కత్తిపీట నుంచి స్కూటరు దాకా అన్నిటికీ పూజే. అక్క నా పెడళ్లనూ అమ్మవారి ముందు పెట్టించి, రెండిటికీ పసుపు పూసి బొట్లు పెట్టింది. నేను లబోదిబోమన్నాను, బొట్టు పెట్టిన సామాను షాపువాడు వాపసు తీసుకోడు కదా! ఆమె వినిపించుకుంటే కదా. నిమ్మకాయ కోసి, కుంకుమద్ది, రెండు చెక్కలూ ఆకుపచ్చదాని మీదే బోర్లించింది. తెల్లదానికి ఏమీ లేదు. ఇదేం పక్షపాతం అంటే "దిష్టి దానికే ఎక్కువున్నది" అంది. పూజయ్యాక రెంటినీ బట్టలో చుట్టి బీరువాలో పెట్టాను. జ్వరాల కాలం, షాపులో ఊపిరాడక మళ్లీ వాటి మొహం చూడలేదు.

కార్తీకంలో పెళ్లి. కోదాడ ఫంక్షన్ హాల్లో బట్ట విప్పి ఆకుపచ్చది తొక్కాను. చిటపటమంది, ఒకసారి గుర్రుమంది, అంతే. నిమ్మరసం దిగి లోపలంతా చిలుం పట్టింది. బావ నా చెయ్యి గట్టిగా పట్టుకుని "ఏందిరా గిది? ఇప్పుడెట్ల?" అన్నాడు. తెల్లది తప్ప గతి లేదు.

పాట మొదలైంది. పైస్వరం దగ్గర తెల్లది తొక్కాను. గిటారు పక్కకు తప్పుకున్నట్టు నిలబడింది, బావ గొంతు అందరి ముందూ నిలువునా చీలింది. భోజనాల బల్లల దగ్గర మాటలు ఆగిపోయాయి. పెళ్లికూతురు తలెత్తి చూసింది. బావ ఆపలేదు, ఆ చీలిన గొంతుతోనే పాట చివరిదాకా పాడాడు. నేను తల వంచుకుని తీగల వంకే చూస్తూ వాయించాను, కళ్లలో నీళ్లు తిరిగి అవీ కనపడలేదు.

బావ స్టేజీ దిగివచ్చి ఎవరి మొహమూ చూడకుండా కుర్చీలో కూలబడ్డాడు. అక్క గ్లాసుతో నీళ్లు తెచ్చింది. "ఎన్నేండ్లాయెనో నీ గొంతు ఇనక. ఎప్పుడు సూడు, ఆ డప్పులు, వీని డబ్బలే ఇనవడుతుండె."

"పలిగింది గదనే," అన్నాడు బావ.

"పలిగితే పలిగింది. నీదే గదా."

బావ నీళ్లు గటగటా తాగేసి గ్లాసు అక్క చేతిలో పెట్టాడు. ఆ తర్వాత పెళ్లికూతురు కబురు పెడితే లేచి వెళ్లి, ఎవరూ బతిమాలకుండానే ఇంకో పాట పాడాడు.

తిరుగు దారిలో వ్యానులో అడిగాను: "అక్కా, ఆ నిమ్మకాయ కావాల్ననే పెట్టినవా?" అంతవరకూ పెళ్లివారి వంటలకు వంకలు పెడుతున్న మనిషి ఒక్కసారిగా నిద్రపోయింది. ఇప్పటికీ అడిగినప్పుడల్లా ఆమెకు నిద్రే వస్తుంది.

మేనకోడలికి చివరికి జవాబు రాశాను: "రెండూ తీసుకరా. దసరాకు మీ అమ్మ తేలుస్తది." బావ ఇప్పుడు వాకిట్లో కుర్చీ వేసుకుని రోజూ పాడుతున్నాడు, పైస్వరం దగ్గర గొంతు రోజూ చీలుతూనే ఉంది, అక్క కూరగాయలు తరుగుతూ వింటూనే ఉంది. గిటారుకైతే ఆ జీర ఒక్క తొక్కుడుకే వస్తుంది. మా బావ గొంతుకు రావడానికి మాత్రం ఒక వయసంతా పట్టింది.