డిస్కు చెబుతూనే ఉంది

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో మా తెలుగు సంఘానికి ఒక పాత కంప్యూటరు ఉండేది. మా పెద్దవాళ్లు పాడిన పెళ్లిపాటలను పార్వతి వదిన క్వార్టర్లన్నీ తిరిగి రికార్డు చేసి అందులోనే దాచింది. ఆ పాడినవాళ్లలో చాలామంది ఇప్పుడు లేరు.

ఆన్ చేసినప్పుడల్లా ఆ కంప్యూటరు కీచుమని అరిచేది. హార్డ్ డిస్కు పాడవబోతోందని, కాపీ తీసుకోమని నల్లటి తెర మీద చూపించేది. సంఘం కార్యదర్శినైన నాకు ఆ గోల విసుగొచ్చింది. సెట్టింగుల్లోకి వెళ్లి హెచ్చరికనే ఆపేశాను. కొన్ని వారాలకు, వదిన పని చేస్తుండగా డిస్కు ఆగిపోయింది. రాయ్‌పూర్ పంపినా పాటలు తిరిగి రాలేదు.

"ఏటి నొక్కీసినావమ్మా?" అని అందరూ ఆమె మీద విరుచుకుపడ్డారు. నేను తల వంచుకుని కూర్చున్నాను.

మొన్న ఉగాది భోజనాల్లో ఒకాయన సంఘం కొత్త ల్యాప్‌టాప్ చూపిస్తూ, "పార్వతిని దీని దగ్గరికి రానీకండి" అని నవ్వాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆయన మీద కన్నా నా మీదే ఎక్కువ మండింది. విస్తరి ముందు నుంచి లేచి అరిచాను.

"నోర్ముయ్యండి! డిస్కు రోజూ చెప్పింది. దాని నోరు మూసింది నేను!"

సాంబారు వడ్డిస్తున్న వదిన గరిటె ఆపి నావైపు చూసింది.

"అచ్ఛా! దాని నోరు నువ్వు మూసీసినావు. మరి ఇన్నాళ్లూ నీ నోరెవులు మూసేరు?"

ఆ రోజు హాల్లో లేనివాళ్లకు కూడా తెలియాలని ఇది రాస్తున్నాను.