నిచ్చెనను ఎవరూ అడగని పూట

తెలంగాణ వచ్చిన కొత్తల రోజులవి. ఆ రోజుల్ల మా దిక్కు ఎవరిని కదిలించినా ఏదో ఒకటి కొత్తగ మొదలుపెడుతున్నమనేటోళ్లు. ఒకాయన డెయిరీ అంటే ఇంకొకాయన టీవీ చానల్ అనేటోడు. హుజూర్‌నగర్ల రైస్‌మిల్లు నడుపుకునే మా మేనమామకు మాత్రం బాస్కెట్‌బాల్ పురుగు కుట్టింది. జన్మల ఆ బంతి ముట్టి ఎరుగని మనిషి, చుట్టుపక్కల జిల్లాలోళ్లు కలిసి జీతాలిచ్చి ఆడించే లీగొకటి పెడితే, పోయి నల్గొండ టీం కొనుక్కొచ్చిండు. డిగ్రీ చేసి ఇంట్ల ఉత్తగ కూసున్న నన్ను మేనేజర్‌ను చేసిండు. (మెడల విజిలేసుకొని పోతుంటే క్లాక్ టవర్ కాడి ట్రాఫిక్ పోలీసాయన నాకు సలాం కొట్టి, నాలుగు దిక్కుల బండ్లు ఆపిండని ఇప్పటికీ చెప్తుంట. ఇంట్ల ఎవరూ నమ్మరు.)

మా టీం ఎట్లాడేదంటే, బంతి మా చేతికి రాంగనే అవతలోళ్లు నిమ్మళంగ నీళ్లు తాగనీకె పోయేటోళ్లు. మొదటి ఏడు అందరికన్న అడుగున నిలిచినం. మామ నన్ను పిలిచి, "అల్లుడా, వచ్చే ఏడు గూడ గిట్లనే ఉంటే టీం బంద్. నువ్వు వేరే కొలువు చూస్కో" అన్నడు. ఆనాటి సంది నాకు తిండి సయించలే. ఒక్కటే ఆశ, డ్రాఫ్ట్. అంటే కొత్త ఆటగాళ్లందరినీ ఒక్క కాడ కూసోబెట్టి టీములోళ్లు వంతులేసుకొని ఏరుకునుడు. అడుగున పడ్డోళ్లు లేచి నిలబడాలని మొదటి వంతు వాళ్లకే ఇస్తరు. అంటే మాకే. మా ముసలి కోచ్, అందరం చాచా అనేటోళ్లం, మనిషిని ఎప్పుడో చూసిపెట్టిండు. షాద్‌నగర్ల కంపెనీ పని చేస్కునే పొడుగు పిలగాడు, పేరు ఏదైతేనేం, అందరికీ నిచ్చెన. (కంపెనీల బల్బు మాడితే కరెంటాయన కన్న ముందు వాన్నే పిలిచేటోళ్లట.) "వాడొస్తే టీం బతుకుతది బేటా. రాకుంటే నువ్వు, నేను ఇద్దరం ఇంట్ల కూసొని గోడలు చూసుడే" అన్నడు చాచా.

డ్రాఫ్ట్ మా నల్గొండలనే జరగాలని మామ పట్టుబట్టి ఫంక్షన్ హాల్ కిరాయికి తీసుకొని, బగార అన్నం, మటన్ దావత్ గూడ పెట్టిండు. ఆ వాసనకు ఊరంత నోరూరుతుంటే నేను మాత్రం కుర్సీల కూసున్న నిచ్చెననే చూస్తున్న. లీగు పెద్దాయన మైకు పట్టుకొని "మొదటి వంతు నల్గొండది" అన్నడు. మామ లేచి, కండువ సర్దుకొని, చేతులు జోడించిండు.

"ఇయ్యాల మీరంత మా ఇంటికొచ్చిన చుట్టాలు. మీరు ముట్టకముందే నేను ముట్టుకుంటే మా అమ్మ నన్ను గడప తొక్కనిస్తదా? ముందు మీరు గానియ్యండ్రి. మేం ఆఖరికి తీస్కుంటం."

హాలంత చప్పట్లు. చాచా నా మోకాలు గట్టిగ పట్టుకున్నడు. (ఆ ఐదు వేళ్ల అచ్చులు దసరా దాకా పోలేదు.) నేను మామ చెవుల, "మామా, గిది దావత్ కాదు, డ్రాఫ్ట్" అన్న. "మర్యాద ఏడైనా మర్యాదే. కూసో" అన్నడు.

పాలమూరు టీం షావుకారు లేచిండు. ఆయనకు పొడుగు మనిషి ఎంత అవసరమో లీగంతటికీ ఎరుకే. నిచ్చెన దిక్కు చూసిండు. నిచ్చెన సక్కగ, నిటారుగ కూసున్నడు. షావుకారు ఒకసారి మా మామను చూసి, దగ్గి, "మిల్లన్నా, ఇంటాయన తినకుంట కూసుంటే నేను వచ్చుడు వచ్చుడే మూలుగున్న నల్లిబొక్క ఏరుకుంటనా? గా మూలకున్న చిన్న పిలగాన్ని ఇయ్యండ్రి, చాలు" అన్నడు. (మా దిక్కు దావత్‌ల ముందుగాల్ల పెద్ద ముక్క మీద చెయ్యేసినోని గురించి మనుమల కాలం దాకా చెప్పుకుంటరు.) ఇగ ఒక్కరు మర్యాద చూపినంక మిగిలినోళ్లు తక్కువ తింటరా? ఒకరి కన్న ఒకరు పొట్టోన్ని, ఒకరి కన్న ఒకరు బక్కోన్ని ఏరుకున్నరు. ఒక టీం ఓనరు కొత్త తరం పిలగాడు, నల్లద్దాలు పెట్టుకొని నిచ్చెన దిక్కు వేలు లేపనే లేపిండు. పక్కనున్న వాళ్ల నాయిన ఆ వేలు పట్టుకొని కిందికి గుంజి, "ఇజ్జత్ తీయకురా" అన్నడు. నేను ఒక్కొక్క వంతుకు చచ్చి మళ్ల పుడుతుంటే, మామ మురుసుకుంట, "చూసినవా అల్లుడా, మర్యాద ఇస్తే మర్యాద వస్తది" అన్నడు.

ఆఖరికి మా వంతు వచ్చింది. నేను ఎగిరి లేచి నిచ్చెన పేరు చెప్పిన. చూస్తే కుర్సీ ఖాళీ. గేటు కాడి వాచ్‌మెన్, "ఆ పొడుగాయనా? సంచి భుజానికేసుకొని బస్టాండ్ దిక్కు పోయిండు. తలుపు నెత్తికి తాకినా చూస్కోలే" అన్నడు.

చాచాను బండి మీద ఎక్కించుకొని ఉరికిచ్చిన. హైదరాబాద్ బస్సు అప్పుడే గుర్రుమంటాంది. ఎనక సీట్ల, మోకాళ్లు గదువకు తాకంగ ముడుసుకొని కూసున్నడు.

"అన్నా, మొదటి నంబర్ నాదే అని మా సూపర్‌వైజర్‌కు చెప్పి వచ్చిన. అందరు నా మొఖం జూసి దాటిపోయిండ్రు. నేనేం తక్కువ జేసిన?"

"తక్కువ కాదు తమ్మీ. నువ్వు నల్లిబొక్క లెక్క. మర్యాదకు ఎవ్వరు ముట్టలే."

"నన్ను బొక్క అంటున్నవా?"

"బొక్క కాదు బేటా," అన్నడు చాచా, "దావత్ మొత్తం నువ్వే."

వాడు నవ్వలే. "మరి మొదటి వంతు మీదే గదా. మీ మామ నన్నెందుకు పిలువలే?"

నేను చాచా దిక్కు చూసిన, చాచా కిటికీ దిక్కు చూసిండు. కండక్టర్ వచ్చి, "దిగుతరా, టికెట్లు కొట్టాల్నా?" అన్నడు. ఇగ మా టీం కథ అక్కడికి ఒడిసిందనుకున్న. అప్పుడే పంచె ఒక చేత ఎత్తిపట్టుకొని, రొప్పుకుంట మామ బస్సెక్కిండు. మా మామ పుట్టి బుద్ధెరిగిన సంది పది మందిల 'నాకు కావాలె' అన్న మనిషి కాదు. పెండ్లినాడు గూడ మూడు సార్లు బతిమిలాడితేగని లడ్డు ముట్టలేదంటరు. ఆ మనిషి బస్సంత చూస్తుండంగ నిచ్చెన ముంగట నిలబడి, రెండుసార్లు నోరు తెరిచి మూసిండు.

"మర్యాదకు పోయి నిన్ను చిన్నబుచ్చిన తమ్మీ. నువ్వు నాకు కావాలె. అందరికన్న ముందు నాకే కావాలె."

అని, జవాబు కోసం గూడ ఆగకుంట వాని ఒళ్లోని సంచి తీసుకొని దిగిపోయిండు. నిచ్చెన నన్ను జూసిండు, చాచాను జూసిండు. తల వంచుకొని, సంచి ఎనకాల నడిచిండు.

ఆ ఏడు మేం కప్పేం కొట్టలే. అడుగున మాత్రం లేం, నడుమ ఎక్కడ్నో నిలిచినం. మామ ఊరంత మిఠాయిలు పంచిండు. కొన్నేండ్లకు ఆ లీగే సప్పుడు గాకుంట మూతపడ్డది. ఇప్పుడు నాది ఇన్సూరెన్స్ పని. జీతం టయానికి వస్తది, బీపీ లేదు, పండుకుంటే మంచిగ నిద్రపడ్తది. ఫంక్షన్ హాల్ కుర్సీల చెమటలు గక్కిన ఆ సన్నటి పిలగాడు, అంటే అప్పటి నేను, యాదికొస్తే నవ్వొస్తది. వాని మీద జర కుళ్లు గూడ పుడ్తది. పోతదేమోనని గంత భయపడే కొలువు నాకు మళ్ల దొరకలే.