బంగారానికా, దేవుడికా, నేలకా?

అమెరికా చరిత్ర పేపర్ రెండుసార్లు తప్పాను. ఎం.ఏ. హిస్టరీ, దూరవిద్య, పరీక్షలు నంద్యాలలో. మూడోసారీ పోతే పట్టా రాదు, పాసైన పేపర్లు కూడా గంగలో కలిసినట్టే. ఆళ్లగడ్డలో మా ఇంట్లో అప్పటికే తీర్పు ఇచ్చేశారు.

"రెండు తూర్లు తప్పితివి, చాల్లేమ్మా. ఈ వయసులో ఏందీ చదువు?" అన్నాడు మా మామ, మా ఆయన వాళ్ల నాన్న.

నలభై రెండేళ్లకే నేనేమన్నా కాటికి కాళ్లు చాపుకున్నానా? ఒళ్లు మండింది. రాసి తీరతానన్నాను.

అవి విత్తనానికి శనక్కాయలు ఒలిచే రోజులు. మిషన్లో వేస్తే పప్పు పగులుతుందని మామ ఒప్పుకోడు, చేత్తోనే ఒలవాలి. చేతులు ఒలుస్తుంటే నోటితో గైడు అప్పజెప్పుకునేదాన్ని. ఇంగ్లండు వాళ్లు అమెరికాలో వర్జీనియాకు వెళ్లింది బంగారం కోసం, అక్కడే ప్లిమత్‌కు వెళ్లింది దేవుణ్ణి తమకు నచ్చినట్టు కొలుచుకోవడం కోసం. రెండుసార్లూ ఈ రెండు ముక్కలే రాశాను.

మామ చదువుకోలేదు గానీ చెవులు పాము చెవులు. వర్జీనియా వాళ్లు బంగారం వెతుకుతూ సేద్యం వదిలేసి ఆకలికి చచ్చారని చదవగానే కోపమొచ్చింది ఆయనకు.

"థూ! ఇత్తనం ఎయ్యకుండా బంగారం ఎతుకుతారా? మరి దేవుని కోసం పోయినోళ్లు ఏం తినిరి?"

"ఆడుండే వాళ్లు మొక్కజొన్న ఎయ్యడం నేర్పిచ్చిరి మామా."

"అంటే ఆడ ముందే మనుషులుండారు! నేల వాళ్లది! ఈళ్లంతా ఆ నేల కోసమే పోయినారు. తక్కినవి పైకి చెప్పేటివి."

"పుస్తకంలో అట్ల లేదు."

"పుస్తకం రాసినోడు ఎప్పుడన్నా ఊరు మారినాడా? మనం ఉయ్యాలవాడ దిక్కు నుంచి ఈడికి ఎందుకొస్తిమి? పిల్లోళ్ల చదువుకని నేను చెప్తి. గుడి దగ్గరని మీ అత్త చెప్పె. అన్నదమ్ములతో పడలేక వస్తినని ఎవురికన్నా చెప్పినానా? మూడూ నిజమేమ్మా."

గైడు మూలన పడేసి అసలు పుస్తకం తెరిచాను. వర్జీనియా ఓడలో పాదిరీ ఉన్నాడు. ప్లిమత్ వాళ్ల ప్రయాణానికి పెట్టుబడి పెట్టింది లాభం కోరిన వ్యాపారులు. అన్నీ అందులోనే ఉన్నాయి, నేనే ఇన్నాళ్లూ గైడు పట్టుకుని వేలాడాను.

పరీక్షలో, ఇంగ్లండు వాళ్లు అమెరికాకు ఎందుకు వెళ్లారన్న ఆ ప్రశ్నే వచ్చింది. చెయ్యి అలవాటు కొద్దీ గైడు వాక్యం మొదలుపెట్టింది. కొట్టేశాను. భయం వేయలేదంటే అబద్ధం. పైకి చెప్పిన కారణాలు, చెప్పకుండా దాచినవి, ఆ నేల మీద అప్పటికే బతుకుతున్న మనుషులు, అన్నీ రాశాను. పోతే పోనీ, నాకు అర్థమైందే రాస్తానని పళ్లు బిగించి రాశాను.

ఫలితాలు వచ్చిన రోజు నంద్యాల బస్టాండులో ఉన్నాను. ఫోన్ చేసి, "పాసైనా మామా" అన్నాను.

మామ వెంటనే అందుకున్నాడు.

"వద్దన్న నోరు నాదేలేమ్మా. ఇంగ ఎవురన్నా నిన్ను వద్దంటే, నాతో చెప్పు."

బస్టాండులో అంతమంది ముందు బావురుమన్నాను.