రాహేలమ్మ చెక్కిన బొమ్మలు

పదకొండేళ్లుగా ఒక్క మాట మోస్తున్నాను. ఫోనులో అన్న మాట. "అవును." అంతే. అవతలి మనిషి థాంక్స్ చెప్పి పెట్టేశాడు. నేను టీ తాగడానికి పోయాను. టీ బాగానే ఉంది. ఇప్పటికీ నాకు మింగుడుపడనిది అదే, ఆ రోజు టీ బాగానే ఉండడం.

క్షమించమని అడగడానికి ఇది రాయడం లేదు. ముందే చెప్పేస్తున్నాను. మిమ్మల్ని అడిగి తెచ్చుకునే క్షమాపణ నాకు పనికిరాదు, ఎందుకంటే నేను మీకేమీ చేయలేదు. విని ఊరుకోండి. నా పేరు కూడా వేయడం లేదు. పిరికితనం అంటారా, అనండి. పంపవలసిన చోటికి పంపిన కాగితం మీద సంతకం పెట్టాను. ఇక్కడ అక్కర్లేదు.

మార్కాపురంలో ముప్ఫై ఏళ్లు ఒక దినపత్రికకు వార్తలు రాశాను. నీళ్ల ట్యాంకర్లు, మిరప ధరలు, పలకల గనిలో రాయి మీదపడి పోయినవాళ్లు. వార్త మొదట్లో ఊరి పేరు ఉంటుంది, రాసినవాడి పేరు ఉండదు. అలవాటైపోయింది. పేరు లేకపోవడం పెద్ద కష్టం కాదని నమ్మాను. నా పేరు లేకపోతే నాకు కష్టం లేదు కాబట్టి ఎవరికీ ఉండదనుకున్నాను. ఎంత సుఖమైన ఆలోచనో చూడండి.

రంగనాథం నాతో డిగ్రీ చదివినవాడు. వాళ్లది పలకల కంపెనీ. తండ్రి వీరభద్రయ్య మొదలుపెట్టాడు, పనివాళ్లకు ఆయన పెద్దశెట్టి. ముందు మామూలు పలకలు, తర్వాత పూసల పలకలు, ఆ తర్వాత చెక్కతో అక్షరాల దిమ్మెలు. పిల్లల ఆటవస్తువుల్లో మంచి పేరే ఉండేది. తర్వాత పిల్లల చేతుల్లోకి ఫోన్లు వచ్చాయి, పలకలు గోడౌనులో నిలబడిపోయాయి.

రాహేలమ్మ ఆ కంపెనీలో పలకలకు చట్రాలు బిగించేది. తర్లుపాడు దారిలో ఉన్న పల్లె ఆమెది. మధ్యాహ్నం అన్నం తిన్నాక మిగిలిన కాసేపు, పగిలి పక్కన పడేసిన రాతిముక్కలు ఏరుకుని బొమ్మలు చెక్కేది. వేలెడంత బొమ్మలు. ముందుకాళ్లు పైకెత్తి తుమ్మకొమ్మ అందుకునే మేక. తల మీద రాళ్ల తట్టతో ఆడమనిషి. గొంతుక్కూర్చుని బీడీ ముట్టించుకునే ముసలాయన. పలకరాయి పొరలు పొరలుగా ఉంటుంది. పొర ముఖానికి ఎదురుగా వస్తే ఉలి తగలగానే ముక్కు ఊడి చేతికొస్తుంది. ఆమె పొర పక్కల నుంచి వచ్చేట్టు రాయిని తిప్పుకునేది. రాత్రంతా తడి గోనెసంచి కింద ఉంచిన రాయినే ముట్టుకునేది. ఇదంతా నాకు ఆమే చెప్పింది, ఒకసారి కంపెనీకి పోయి ఊరికే మాట్లాడుతుంటే. నేను పుస్తకంలో రాసుకున్నాను. వృత్తి అలవాటు.

బెంగుళూరు నుంచి పలకల కోసం వచ్చిన ఒకాయన కిటికీలో ఉన్న మేకను చూశాడు. అడిగి జేబులో వేసుకున్నాడు. వారం తిరక్కముందే ఫోను. ఇలాంటివి సేకరించేవాళ్లు ఉన్నారు, పెద్దవాళ్లే, అద్దాల బీరువాలో పెట్టుకుంటారు, ఒక్కో బొమ్మకు ఒక నంబరు, ఒక పెట్టె కావాలి, చేస్తారా అని. రంగనాథం ఇంట్లో గొడవ మొదలైంది. పిల్లల వస్తువులు చేసే కంపెనీ పెద్దోళ్ల ఆటబొమ్మలు చేసేదేంది, ఉన్న పేరు కూడా పోతుందని అన్నదమ్ములు. రంగనాథం నా దగ్గరికి వచ్చాడు. నేను పేపర్లో అర పేజీ రాశాను. చేయాలి అని రాశాను.

ఆ మాట మీద ఈ రోజుకీ నిలబడతాను. ఆ అర పేజీకి నేను సిగ్గుపడడం లేదు, ఎవరు అడిగినా పడను. నలభై ఏళ్ల మనిషి ఒక రాతి మేకను చూసి మురిసిపోతే అందులో తప్పేమిటి? చిన్నప్పుడు దొరకనిది ఇప్పుడు కొనుక్కుంటాడు, లేదా చిన్నప్పుడు పోగొట్టుకున్నది. బొమ్మలు పిల్లలకే అని ఎవరు తీర్పిచ్చారు? పలకలు అమ్ముడుపోని ఊళ్లో పలకరాయికి ఇంకో బతుకు దొరికితే, అది మన పని కాదని మూతి తిప్పుకుని గోడౌనుకు తాళం వేయాలా? ఆ కంపెనీ ఈ రోజు నడుస్తోందంటే ఆ బొమ్మల వల్లే. నేను చెప్పింది సరైనదే.

ఒక్క సంగతి రాయలేదు. అప్పుడు నాకు తోచలేదో, తోచినా పక్కకు నెట్టానో. పిల్లాడు ఆటవస్తువు చేతికిస్తే ఆడుకుంటాడు, ఇది ఎవరు చేశారని అడగడు. సేకరించేవాడు మొదట అడిగేదే అది. ఎవరు చేశారు, ఎలా చేశారు, ఇంకెన్ని ఉన్నాయి. అద్దం వెనక వాడు పెట్టుకునేది సగం రాయి, సగం మనిషి. పిల్లల వస్తువులు చేసే ఏ కంపెనీ అయినా ఆ దారిలోకి దిగేటప్పుడు ఈ ప్రశ్నకు సిద్ధపడి దిగాలి. మేం దిగాం. చట్రాల పని అలాగే ఉంచి, బొమ్మలూ రాహేలమ్మ చేతే చెక్కించారు. ప్రశ్న రానే వచ్చింది. ప్రతి పెట్టెలో ఒక కార్డు పెట్టండి, చేసినవాళ్ల కథ రాయండి అని బెంగుళూరాయన అడిగాడు.

"నువ్వు రాయి బావా," అన్నాడు రంగనాథం. "మా నాయన పేరు మీద రాయి. కూలికొచ్చే మనిషి పేరేస్తే, రేపు ఆమె ఇంకో కంపెనీకి పాయెననుకో, మన పెట్టె మీద ఏం మిగుల్తది? మా నాయన యాడికీ పోడు."

వీరభద్రయ్య చనిపోయి అప్పటికి ఆరేళ్లు. నాకు నవ్వొచ్చింది. నవ్వుతూనే కూర్చుని రాశాను.

బాగా రాశాను. నా మొత్తం ఉద్యోగంలో అంత బాగా రాసింది ఇంకొకటి లేదు. గనిలో మధ్యాహ్నపు ఎండ, పగిలిన రాళ్ల మీద కూర్చున్న యువకుడు, ఇంట్లో పిల్లల కోసం చిన్న మేక. రాయిని రాత్రంతా తడి గోనెసంచి కింద నిద్రపుచ్చేవాడని రాశాను. పొరను పక్కల నుంచి పలకరించాలి అనేవాడని రాశాను. రాహేలమ్మ నాకు చెప్పిన మాటలనే తీసి ఆయన నోట్లో పెట్టాను. నిజానికి వీరభద్రయ్య చేతికి ఉలి ఇస్తే వీపు గోక్కునేవాడు. మంచి వ్యాపారి, మంచి మనిషి, రాయిని ఎప్పుడూ ముట్టుకున్న పాపాన పోలేదు. అయినా కార్డు చదివి ఆయన కూతురు ఏడ్చింది. మా నాయన నాకూ ఒక మేక చేసిచ్చినాడు, యాడో పోయింది అంది. అబద్ధం చెప్పడం లేదు ఆమె. గుర్తొచ్చింది ఆమెకు. నేను గుర్తు తెప్పించాను.

అదే కథ పేపర్లోనూ వేశాను. అరచేతిలో మూడు బొమ్మలు పెట్టి తీసిన ఫొటో. ఆ అరచెయ్యి రాహేలమ్మది. ముఖం పడలేదు. కింద వీరభద్రయ్య కళ అని రాశాను.

ఇంతవరకే అయితే బహుశా మీకు చెప్పేవాడిని కాదు. ఇలాంటివి చాలామంది రాస్తారు.

రెండేళ్లకు రాహేలమ్మకు దగ్గు పట్టుకుంది. పలకలు కోసే రంపాల షెడ్డులో దుమ్ము పొగలా ఉంటుంది, చట్రాలు బిగించేదీ అక్కడే. దుమ్ముకు దూరంగా ఉండమన్నాడు డాక్టరు. తడి రాయి చెక్కితే దుమ్ము లేవదు. ఇంటి దగ్గర కూర్చుని బొమ్మలు చెక్కుకోవాలంటే, తన పేరు మీద అమ్ముకోవాలంటే, చేతిపనివాళ్లకు సర్కారు ఇచ్చే గుర్తింపు కార్డు కావాలి. అర్జీ పెట్టుకుంది. మా వైపు ఏ అర్జీకైనా పేపరు కటింగు లామినేషన్ చేయించి జత చేస్తారు. పేపర్లో పడిందంటే అది రుజువు కింద లెక్క. కంపెనీ అప్పటికే ఆ బొమ్మలు తమవని పెట్టుకున్న అర్జీకి నా వార్తను జత చేసి ఇచ్చి ఉంది. ఆఫీసులో ఆమెకు అదే చూపించారు.

ఒక పొద్దున మా ఇంటికి వచ్చింది. నేను బయటికి పోబోతున్నాను. అరుగు మీద కూర్చుంది.

"అన్నా, పెట్టెలో ఏసే కాగితం రాసింది నువ్వే అంట గదా."

"నువ్వు చూసినావా?"

"చూసేదేంది, చదివినా. ఆదివారం మందిరంలో బైబిలు చదివేది నేనే, ఇది చదవలేనా. బాగా రాసినావు. పాపం పెద్దశెట్టి సచ్చిపోయినాక పని నేర్చుకున్యాడు."

నేను సంచి సర్దుకున్నాను.

"గోనెపట్ట కింద పెట్టేది, పొర చూసుకునేది, అయ్యన్నీ నేను నీకు చెప్పిన మాటలే గదన్నా."

"కంపెనీవాళ్లు అడిగినారు, రాసిచ్చినా రాహేలమ్మా."

"కంపెనీని నేనేమన్లా. వాళ్ల బొమ్మలు, వాళ్ల పెట్టెలు. ఆపీసులో సారు అడుగుతుండాడు, పేపర్లో అట్ల ఉంది, నువ్వు ఇట్ల చెప్తుండావు, ఏది నిజమని. ఒక్క ముక్క రాసియ్యి. చెక్కేది ఈమే అని. ఆ రంపాల కాడ ఇంక కూసోలేనన్నా."

"చూద్దాంలే అమ్మా. నాలుగు రోజులాగు."

"నాలుగంటే నాలుగేనా, పేపరోళ్ల నాలుగా?"

నవ్వుతూనే అంది. నేనూ నవ్వాను. మూడో రోజే ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. ఆ అధికారి మంచివాడు, జాగ్రత్తపరుడు. ఏ తంటా లేకుండా నేరుగా రాసినవాడినే అడుగుదామనుకున్నాడు. "బొమ్మల గురించి మీరు రాసింది వాస్తవమేనా? ఇక్కడ ఒకామె అర్జీ ఉంది, అందుకని."

అవును అన్నాను.

ఎందుకన్నాను? పదకొండేళ్లలో ఈ ప్రశ్నకు చాలా జవాబులు తయారు చేసుకున్నాను. రంగనాథం స్నేహితుడు కాబట్టి అనుకున్నాను. కాదు, వాడు నన్ను ఏ ఒత్తిడీ పెట్టలేదు, ఆ ఫోను సంగతే వాడికి తెలియదు. తప్పు రాశానని ఒప్పుకుంటే పత్రికలో నా చోటు పోతుందని అనుకున్నాను. అదీ పూర్తిగా నిజం కాదు, ఒక సవరణ వేస్తే అయిపోయేది, అలాంటివి నేనే పది వేశాను. అసలు సంగతి వేరు. ఆ కథ నాది. ముప్ఫై ఏళ్లు ట్యాంకర్ల మీద, ధరల మీద రాసి, ఒక్కసారి, ఒకే ఒక్కసారి, మనుషులు చదివి ఏడ్చేది రాశాను. రాహేలమ్మ పేరు వస్తే నా కథ అబద్ధమవుతుంది. నా వాక్యాలు బతకాలని ఆమెను రంపాల దగ్గరే కూర్చోబెట్టాను. ఇంతకన్నా మర్యాదగా చెప్పే దారి ఉంటే నాకు కనబడలేదు. ఉన్నా వద్దు.

అర్జీ తిరిగొచ్చింది. మూడేళ్లు అదే షెడ్డులో దగ్గుతూ పని చేసి మానేసింది. ఆమె బొమ్మలకు అచ్చులు తీసి, రాతిపొడి కలిపి వేరే ఊళ్లో పోత పోయిస్తున్నారు ఇప్పుడు. పెట్టెలో పెట్టే నా కథ కార్డు ఇంగ్లీషులో కూడా వచ్చింది.

పోయిన చలికాలం హైదరాబాదు నుంచి ఒక కుర్రాడు వచ్చాడు, ఆ బొమ్మలు సేకరించేవాడు. వీరభద్రయ్య ఉలి చూడాలన్నాడు. రంగనాథం చూపించాడు. ఎక్కడి నుంచో పాత ఉలి తెప్పించి, నూనె రాసి, అద్దాల పెట్టెలో పెట్టి ఉంచాడు. ఆ కుర్రాడు చెప్పులు విప్పి దాని ముందు నిలబడ్డాడు. వాడిలో వెటకారం లేదు, నిజమైన భక్తి. పక్కన నేను. ఆ చెప్పుల వైపు చూస్తూ ఉండలేకపోయాను.

మర్నాడు ఆ గుర్తింపు కార్డుల ఆఫీసుకు ఉత్తరం రాసి సంతకం పెట్టి పంపాను. రంగనాథానికి చెప్పాను. వాడు నాతో మాట్లాడడం మానేశాడు. మానేయనివ్వండి. ఆ తర్వాత రాహేలమ్మ ఊరికి పోయాను.

ఇంటి ముందు చింతపండు గింజలు తీస్తోంది. కూర్చోమంది. కూర్చుని అంతా చెప్పాను. ఫోను సంగతి చెప్పినప్పుడు ఆమె చెయ్యి ఆగింది.

"ఫోను చేసినారా," అంది. "అది నాకు తెల్వదు."

దగ్గింది. నీళ్లు తాగింది. నాకు ఇవ్వలేదు. ఆ బొమ్మలన్నీ నువ్వే చెక్కినావని ఆఫీసుకు రాసి పంపాను అని మళ్లీ చెప్పాను, ఏదో ఒకటి వినాలని.

"చెక్కింది నేనని నాకు చెప్పేదేందన్నా? నాకు తెల్సు గదా. తెల్వనోళ్లకు చెప్పుకో, పో."

మళ్లీ గింజలు తీయడం మొదలుపెట్టింది. నేను లేచి రోడ్డు మీదికి వచ్చాను. ఆమె క్షమించిందా అని అడగకండి. నేను అడగలేదు, ఆమె ఆ మాటే ఎత్తలేదు. ఎత్తి ఉంటే నాకు సులువయ్యేది, అందుకే ఎత్తలేదేమో. ఆ ఉత్తరానికి ఇంకా జవాబు లేదు. గుర్తింపు కార్డు వచ్చినా ఆ ఊపిరితిత్తులతో ఆమె ఎన్ని బొమ్మలు చెక్కుతుందో నాకు తెలియదు.

కానీ ఈ కాగితాల మీద ఆమె పేరు రాస్తున్న ప్రతిసారీ గుండె మీది బరువు కాస్త పక్కకు జరుగుతోంది. ఇది దిద్దుబాటు కాదు, నాకు తెలుసు. అయినా ఊపిరి ఆడుతోంది. ఆ మాత్రం దానికి సిగ్గుపడను.

తెలియనివాళ్లకు చెప్పమంది. మీకు తెలియదు. ఇప్పుడు తెలిసింది.