దూరవిద్యకి దుప్పటి

నేను డిగ్రీలో చేరడానికి ఫీజు కోసం మా అత్త ఈ రోజు హుకుంపేట సంతలో మిరియాలు అమ్మింది. సాయంత్రం ఇంటికొచ్చి డబ్బులతో పాటు ఒక కొత్త దుప్పటి కూడా నా చేతిలో పెట్టింది.

"ఇదేటత్తా?" అన్నాను.

"దూరవిద్య అన్నావు కదే. అక్కడ సలెక్కువో ఏటో! నీ కూతురు గుంటని నేను సూసుకుంటాను, నువ్వు బెంగెట్టుకోకు" అంది.

నాకు నవ్వాగలేదు. అంగన్‌వాడీ పని చేసుకుంటూ ఇంట్లోనే కూర్చుని చదివేదాన్నే దూరవిద్య అంటారని చెప్పాను.

"మరి దూరమని పేరెందుకెట్టేరే? ఇన్ని రోజులూ నాకు నిద్దర్లేదు!" అని కసిరింది.

అప్పుడాగింది నా నవ్వు. నేను పిల్లని వదిలి ఎక్కడికో వెళ్ళిపోతాననుకుని కూడా ఆ మిరియాల మూట సంతకి మోసుకెళ్ళింది మా అత్త.

ఇప్పుడా దుప్పట్లో ఆవిడా, నా కూతురూ దూరి పడుకున్నారు. చలికి ఆగలేక నేనూ పుస్తకం పట్టుకుని మధ్యలో దూరాను. దూరవిద్య అంటే ఇదే కాబోలు. ఏమంటారు?